వంగని మహారాజు

ఫిబ్రవరి 3

వదినా,

నిన్న ఫోనులో ఇద్దరం ఒకేసారి మాట్లాడాం. ఎవరు ఏం చెప్పారో ఎవరికీ తెలియలేదు. మధ్యలో అన్నయ్య ఫోను లాక్కుని "మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి, నా చెవులైనా మిగులుతాయి" అన్నాడు చూడు, పెళ్ళయ్యాక ఆయన చెప్పిన మొదటి మంచిమాట అది. కాగితం మీదైతే నువ్వు నాకు అడ్డు రాలేవు. నోరు మూసుకుని చదువు.

ఆపరేషన్ డాక్టరుని చూసి వచ్చాను. మనిషి గడకర్రలా ఉంటాడు. నాతో మాట్లాడడు, నా చేత్తో మాట్లాడతాడు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నావు?" అని నా మణికట్టుని అడిగాడు. దాని తరఫున నేనే జవాబు చెప్పాను. కీళ్లవాతం వచ్చి ఇరవై ఏళ్ళయిందనీ, మిగతా కీళ్ళన్నీ మందులకి లొంగాయనీ, ఈ కుడి మణికట్టు ఒక్కటే ఎవరి మాటా వినడంలేదనీ. ఎక్స్‌రే తీసి వెలుతురుకి పెట్టి చూపించాడు. అక్కడ బుల్లి బుల్లి ఎముకలు విడివిడిగా ఉండాలట. నావి టీలో పడ్డ బిస్కెట్టులా ఉన్నాయి.

దారులు రెండే. ఒకటి, ఆ ఎముకలన్నిటినీ కలిపి ప్లేటు పెట్టి స్క్రూలతో బిగించేయడం. నొప్పి పోతుంది, కానీ మణికట్టు ఇక జన్మలో వంగదు. రెండోది, వంగే కీలు ఒకటి లోపల పెట్టడం. కానీ ఇన్నేళ్ళ మాత్రలతో నా ఎముకలు మెత్తబడ్డాయి కాబట్టి కొన్నాళ్ళకి అది వదులైపోవచ్చు. అప్పుడు మళ్ళీ కోసి సరిచేయడం చాలా కష్టం అన్నాడు.

"ఈ చేత్తో మీకు ఏం పని?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఎంతమంది డాక్టర్లు దీన్ని నొక్కి చూశారో, ఒక్కరూ ఈ ప్రశ్న వేయలేదు. "మహారాజుని ఆడించాలి" అన్నాను. ఆయన నర్సు వంక చూశాడు. నర్సు నా చీటీలో వయసు చూసింది. ఇక లాభం లేదని సంచిలోంచి మన మహారాజు బొమ్మని తీసి చేతికి తొడిగాను. బొటనవేలు వాడి ఒక చేతిలోకి, చిటికెనవేలు రెండో చేతిలోకి, మిగతా మూడు వేళ్ళూ తలలోకి. మహారాజు లేచి డాక్టరు మొహంలోకి చూసి, "ఏమయ్యా వైద్యుడా, నా సింహాసనం కిర్రుమంటోంది, బాగుచేస్తావా లేదా?" అన్నాడు. డాక్టరు నవ్వకుండా "చూద్దాం ప్రభూ" అన్నాడు. అప్పట్నుంచీ ఆయన నాకు నచ్చేశాడు.

తరువాత మహారాజు ఎప్పటిలాగే నడుం వంచి సెలవు తీసుకోబోయాడు. నొప్పికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డాక్టరు అది చూశాడు.

సంగతేమిటంటే, బిగించేసినా చెయ్యి అటూ ఇటూ తిరుగుతుందట. అంటే మహారాజు "కాదు కాదు" అని తిరగ్గలడు, చిందులు వేయగలడు, మంత్రిని కొట్టగలడు. వంగలేడు, అంతే. నీకు తెలుసుగా, బళ్ళోనైనా, లైబ్రరీలోనైనా, పిల్లల వార్డులోనైనా వాడు వంగితేనే ఆట అయినట్టు. వంగకపోతే పిల్లలు కదలరు. నాతోపాటు మంత్రి బొమ్మని ఆడించే పెద్దమనిషికి ఇదంతా చెప్పాను. ఆయన వెనకటికి టెలిగ్రాముల ఆఫీసులో చేశాడు కదా, "ఆలోచించండి" అని ఒక్క మాట అని టీ తాగాడు.

ఆలోచిస్తున్నాను. నువ్వూ ఆలోచించు. మెల్లగా ఆలోచించు.

కిర్రుమంటున్న నీ మరదలు


ఫిబ్రవరి 10

మరదలు పిల్లా,

నోరు మూసుకునే చదివాను. చదవడం అయిపోయింది, ఇప్పుడు తెరుస్తున్నాను.

వంగే కీలే వేయించుకో. ఇందులో ఆలోచించడానికి ఏముంది? మహారాజు చివర్లో నడుం వంచుతాడనే కదా వాడి అంగీకి వెనకాల అన్ని కుచ్చిళ్ళు పెట్టి చస్తున్నాను. వంగినప్పుడు ఆ కుచ్చిళ్ళు విచ్చుకోవాలి, లోపలి ఎర్ర గుడ్డ కనబడాలి, పిల్లలు అబ్బ అనాలి. వాడు వంగకపోతే నా కుచ్చిళ్ళు ఎవడు చూస్తాడు? నిటారుగా నిలబడి కాదు కాదు అనే మగవాడు కావాలంటే మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు, పార్సిలు చేసి పంపుతాను.

ఆయన నా భుజం మీదుగా ఇది చదివి "మా చెల్లెలి నొప్పి ముఖ్యమా, నీ కుచ్చిళ్ళు ముఖ్యమా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీ నొప్పి నాకు తెలియదా? మా ఇంటికి వచ్చినప్పుడల్లా టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అది నీ అలవాటే అన్నట్టు మొహం పెట్టేదానివి. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

నిజం చెప్పనా? నాకు భయంగా ఉంది. నా మిషను దగ్గరికి వచ్చేవన్నీ ప్యాంట్ల అంచులు, చిరిగిన జేబులు, ఊడిన జిప్పులు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నడుములు వదులు చెయ్యడం, బిగించడం. నా ఇష్టం వచ్చినట్టు నేను కుట్టేవి మహారాజు బట్టలొక్కటే. నువ్వు ఆట మానేస్తే నేను జిప్పులు కుట్టుకుంటూ పోతాను. ఇది స్వార్థం అనుకుంటే అనుకో, నేనేం సిగ్గుపడను.

మా కింది వాటా ఆవిడ మోకాలు మార్పించుకుంది. ఇప్పుడు పనున్నా లేకపోయినా మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది. ఆవిడ మోకాలు వంగుతోంటే నీ చెయ్యి ఎందుకు వంగదు? మీ డాక్టరు బద్ధకస్తుడై ఉంటాడు.

కొత్త అంగీకి గుడ్డ తీసిపెట్టాను, నెమలికంఠం రంగు. నీ చెయ్యి వాపెక్కి దిగి ఎప్పటికప్పుడు మారిపోతుంది కాబట్టి కొత్త కొలత పంపు. మామూలుగానే, కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయి.

నోరు తెరిచే ఉన్న నీ వదిన


ఫిబ్రవరి 19

వదినా,

కింది వాటా ఆవిడ మోకాలికి నా నమస్కారాలు చెప్పు. అది వేరు, ఇది వేరు.

ఇక్కడ ఆపరేషన్‌కి ముందు పరీక్షలు మొదలయ్యాయి. ఏప్రిల్ మధ్యలో తేదీ ఇచ్చారు. ఏ రకం ఆపరేషన్ అనేది నేను అప్పటికి తేల్చుకోవాలి. నిన్న మెడకి ఎక్స్‌రే తీశారు. చెయ్యి బాగు చెయ్యమంటే మెడ ఎందుకయ్యా అని అడిగితే, ఫొటో తీసే కుర్రవాడు "రాసి ఉందండీ" అన్నాడు. మెడ ముందుకి వంచమన్నాడు, వెనక్కి వంచమన్నాడు. మహారాజులా వంగి చూపించాను.

మందుల గొడవ ఒకటి. నేను వేయించుకునే సూదిమందు ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే ఆపాలట, లేకపోతే కోసిన చోట చీము పట్టే ప్రమాదం ఉందట. వారానికోసారి వేసుకునే మాత్ర మాత్రం ఆపకూడదట. ఎవరైనా ఆపరేషన్ అనగానే మందులన్నీ మానేసి కూర్చుంటారు, మీరు అలా చెయ్యకండి అని డాక్టరు నా మణికట్టుకి గట్టిగా చెప్పాడు. సూది ఆపితే మిగతా కీళ్ళన్నీ లేచి కూర్చుంటాయి, నాకు తెలుసు. ఆ వారాల్లో నేను ఏమైనా తిడితే అవి కీళ్ళ తిట్లు అనుకో.

రాయడం కష్టంగా ఉంది. పెన్నుకి గుడ్డ చుట్టి వంకాయంత లావు చేశాను, అయినా వేళ్ళు పట్టడం లేదు. కొలత తరువాత పంపుతాను.

నీ మరదలు


మార్చి 4

వదినగారికి,

ఆవిడ చెబుతున్నారు. నేను రాస్తున్నాను. కట్టు వేశారు. మణికట్టు కదలదు. నొప్పి లేదు. నిద్ర పట్టింది. మహారాజు వంగడు. కొలత జతచేశాం. కుట్టండి.

ఆవిడ ఇంకా చెబుతూనే ఉన్నారు. అనవసరం.

మంత్రి


మార్చి 12

ఏమే,

ఎంత గుండె ధైర్యం నీది. నాతో ఒక్క మాట చెప్పకుండా ఏప్రిల్ అన్న ఆపరేషన్ మార్చిలో చేయించేసుకుంటావా? అదీ బిగించే ఆపరేషన్? మీ మంత్రి ఉత్తరం చదివి నేను మిషను ముందు కూలబడిపోయాను. ఆ మహానుభావుడు ఇంకో నాలుగు మాటలు రాస్తే ఆయన సొమ్మేం పోయింది? "నిద్ర పట్టింది" అన్న మాట దగ్గర మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాక మళ్ళీ కోపం వచ్చింది.

ఇంకో సంగతి. నువ్వు మెడ ఎక్స్‌రే అని రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. చేతి కోసం వెళ్ళినవాళ్ళకి మెడ ఎందుకు తీస్తారు, వాళ్ళు నిన్ను ఇంకెవరో అనుకుంటున్నారు అని. అందుకే మీ డాక్టరు పేర అప్పుడే ఒక ఉత్తరం పడేశాను. "అయ్యా, మా మరదలికి జబ్బు చేసింది చేతికి, మెడకి కాదు. చెయ్యి ఎక్కడుంటుందో తెలిసిన డాక్టరు అక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళని పిలిపించండి. వంగే కీలే వేయండి. మహారాజు వంగాలి" అని మర్యాదగానే రాశాను. ఆలస్యంగా అందినట్టుంది.

అయిందేదో అయింది. కొలత చూసి గుండె జారిపోయింది. ఆపరేషన్ చేస్తే చెయ్యి ఇంత లావవుతుందా? మణికట్టు దగ్గర నా పిండిజల్లెడంత ఉంది. అయినా నోరెత్తకుండా తలతో సహా కొత్తవాణ్ణి కుట్టాను. నెమలికంఠం గుడ్డ చాలక పక్కలకి నల్ల గుడ్డ అతికాను. మహారాజు పార్సిల్లో వస్తున్నాడు. కుచ్చిళ్ళు పెట్టలేదు. ఎవరికోసం పెట్టను?

జాగ్రత్త. తిను. ఆ చెయ్యి దిండు మీద ఎత్తులో పెట్టుకో.

నీ వదిన


మార్చి 20

ఓ నా వదినా,

నవ్వీ నవ్వీ డొక్కలు పట్టుకుపోయాయి. మంత్రిగారు మూల కూర్చుని "పొరపాటు. క్షమించండి" అంటున్నారు.

ఆపరేషన్ జరగలేదు. అది ఉత్తుత్తి కట్టు. చెయ్యి బిగించేస్తే బతుకు ఎలా ఉంటుందో ముందే తెలియడానికి, మణికట్టు కదలకుండా పిండికట్టు వేసి "ఇలా ఉండి చూడండి, నచ్చకపోతే చెప్పండి" అన్నాడు డాక్టరు. జన్మంతా భరించాల్సినదాన్ని ముందుగా అద్దెకి ఇచ్చాడన్నమాట. నేను ఇదంతా చెప్పాను, ఎంతో ముచ్చటగా చెప్పాను. మంత్రిగారికి అందులో "కట్టు వేశారు" ఒక్కటే అవసరమనిపించింది. కొలత గీసింది కట్టు మీంచే. నిన్న కట్టు తీసేశారు.

కాబట్టి నీ మహారాజు ఇక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మనిషి కాడు, మూట. చేతికి తొడిగితే లోపల నా చెయ్యి అద్దె ఇంట్లో ఒంటరి మనిషిలా తిరుగుతోంది.

నీ ఉత్తరం డాక్టరుకి సరిగ్గానే అందింది. నా ఎదురుగానే చదివాడు, పైకి, నా మణికట్టుకి వినిపించేలా. "చెయ్యి ఎక్కడుంటుందో తెలిసిన డాక్టరు" దగ్గర ఆగి, తన చెయ్యి ఎత్తి చూసుకుని, నర్సుతో "ఇదేకదా?" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చాను. తరువాత మెడ సంగతి చెప్పాడు. కీళ్లవాతం ఉన్నవాళ్ళకి మెడలో పై ఎముకలు కూడా వదులైపోవచ్చట. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వెయ్యడానికి మెడ వంచుతారు, అది వదులుగా ఉందో లేదో తెలియకుండా వంచితే ప్రమాదమట. నా మెడ గట్టిగానే ఉంది. "మీ వదినగారి మెడ ఇంకా గట్టిదనుకుంటాను" అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. కట్టు ఉన్నన్నాళ్ళూ నొప్పి లేదు వదినా. మొదటి రాత్రి పక్కకి తిరిగి పడుకుని, అరె తిరిగానే అనుకుంటూ మళ్ళీ ఇటు తిరిగాను. పొద్దున లేచేసరికి దిండు మీద చారలు నా చెంప మీద ముద్రపడి ఉన్నాయి, అంత నిద్ర. నొప్పి లేకపోతే ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను.

కానీ ఆ కట్టు మీదే లైబ్రరీలో ఆట కట్టాం. పాత మహారాజు అంగీని వెనక చింపి తొడిగాను. ఆట బాగానే సాగింది. చివర వాడు వంగలేదు. పిల్లలు కూర్చునే ఉన్నారు. మంత్రి వంగాడు, పిల్లలు పట్టించుకోలేదు. "మహారాజుకి మన మీద కోపమొచ్చింది" అని ఒక పిల్ల వాళ్ళమ్మతో చెబుతూ వెళ్ళిపోయింది. నాకు ఇంటికి వచ్చి అన్నం సహించలేదు.

సూది ఆపారు. అన్ని కీళ్ళూ సభ పెట్టుకున్నాయి. ఉంటాను.

ఎటూ తేల్చుకోలేని నీ మరదలు


మార్చి 27

వదినా,

తేల్చుకున్నాను. వంగే కీలే. నువ్వు చెప్పిందే నిజం. ఆ పిల్ల మొహం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కీలు ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళే, అప్పటిదాకా వాడు వంగుతాడు. తరువాత సంగతి తరువాత. డాక్టరుకి రేపు చెబుతాను. కుచ్చిళ్ళు మొదలుపెట్టు.

నీ మరదలు


మార్చి 27

మరదలు పిల్లా,

నీ ఉత్తరం పట్టుకుని మూడుసార్లు చదివాను. నా బుద్ధి గడ్డితింది. బిగించేసుకో.

మహారాజు వంగితే ఎంత, వంగకపోతే ఎంత. నువ్వు పక్కకి తిరిగి పడుకున్నానని అంత సంబరంగా రాశావే, అది చదివాక నాకు కుచ్చిళ్ళ మీద ఆశ పోయింది. నేను జిప్పులు కుట్టుకుంటాను, నువ్వు నిద్రపో. మీ అన్నయ్య "నేను మొదటే చెప్పాను" అన్నాడు. ఆ మాట అన్నందుకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

డాక్టరుగారికి నా క్షమాపణలు చెప్పు. మెడ విషయం నాకు తెలియదు.

నీ వదిన


ఏప్రిల్ 5

వదినా,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎదురుపడి ఉంటాయి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా వెళ్ళిపోయి ఉంటాయి. ఇప్పుడు నీ మాట మీద నేను, అన్నయ్య మాట మీద నువ్వు ఉన్నాం. ఇక మన ఇద్దరినీ పక్కన పెట్టు, చిటికెనవేలు తేల్చేసింది.

మొన్న పిల్లల వార్డులో ఆట. మహారాజు కత్తి దూసి మంత్రి మీదికి వెళ్తున్నాడు. కత్తి ఉన్న చెయ్యి పైకెత్తాడు. అంతే, ఆ చెయ్యి వాలిపోయింది. మళ్ళీ ఎత్తబోయాను, లేవలేదు. నొప్పి కూడా లేదు వదినా, పైనుంచి తీగ తెగిన గంటలా చిటికెనవేలు వేలాడుతోంది. నోరు మాత్రం ఆడుతోంది. "మంత్రీ, నా చెయ్యి నిద్రపోయింది, నిశ్శబ్దం" అన్నాను. మంత్రిగారు క్షణం ఆగకుండా జోలపాట అందుకున్నారు. ఆయన గొంతు నీకు తెలుసుగా. మంచాల మీద పిల్లలు నవ్వలేక చచ్చారు. మేము ఆ చేతికి జోకొడుతూ, దుప్పటి కప్పుతూ ఆట ముగించాం.

అదే ఆస్పత్రి కదా, మహారాజుని తీయకుండానే మెట్లెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మణికట్టు పక్కన ఎముక గరుకెక్కి, వేలిని పైకి లాగే తాడుని రాసి రాసి తెంపేసిందట. ఊరుకుంటే పక్క వేలిదీ తెగుతుందట. ఆ గరుకు ఎముక తీసేసి, తెగిన తాడుని పక్క వేలి తాడుకి కలిపి కుడతానన్నాడు. కుట్టు అన్నాడని నీకు చెబుతున్నాను, నీ జాతి మనిషే. తాళ్ళు తెగే చేతిలో వంగే కీలు పెడితే సరిగ్గా నిలవదు అన్నాడు. నన్ను తొందరపెట్టలేదు.

బిగించండి అన్నాను. ఎవరికోసమూ కాదు, నాకోసమే అన్నాను. ఆ మాట అనడానికి ఇంత వయసు రావలసి వచ్చింది.

అప్పుడు చూడాలి నువ్వు. ఎంత కోణంలో బిగించాలి అని మొదలైంది. చెయ్యి కొంచెం వెనక్కి ఉంటే పట్టు బాగుంటుందట, ఆ కొంచెం ఎంత అన్నది నా పనిని బట్టి. మహారాజుని ఎత్తమన్నాడు. మంత్రిగారిని ముందు వరస పిల్లాడిలా నేల మీద కూర్చోమన్నాడు. ఆయన బట్టతలతో, బాసింపట్టు వేసుకుని, నోరు తెరుచుకుని కూర్చున్నారు. డాక్టరు నా మణికట్టుని వెంట్రుక వాసి అటు, వెంట్రుక వాసి ఇటు జరుపుతూ "ఇప్పుడు మిమ్మల్ని చూస్తున్నాడా? ఇప్పుడు?" అని అడుగుతున్నాడు. మంత్రిగారు "పైన. కింద. పైన" అంటున్నారు. చివరికి "కళ్ళల్లోకి" అన్నారు. డాక్టరు వెంటనే కొలబద్ద పెట్టి కోణం రాసుకున్నాడు. నా చెయ్యి జీవితాంతం ముందు వరస పిల్లల కళ్ళల్లోకి చూస్తుంది వదినా.

పదహారున ఆపరేషన్. భయంగా ఉంది. వంగడం పోయాక పిల్లలు నా ఆటకి రారేమోనని ఉంది. రాకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలియదు.

నీ మరదలు


ఏప్రిల్ 11

నా తల్లీ,

భయపడకు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. మంత్రిగారి వ్యాధి నాకూ అంటుకుంది.

మీ అన్నయ్య పధ్నాలుగున బండెక్కుతున్నాడు. ఆపరేషన్ గది బయట నిటారుగా నిలబడడానికి ఆయనంత పనికొచ్చే మనిషి లేడు. నేనే వచ్చేదాన్ని, కానీ పెళ్ళివాళ్ళ బట్టలు మెడ మీద కూర్చున్నాయి. ఆయన చేతికి నీ లావు మహారాజుకి ఒక కొత్త కిరీటం ఇచ్చి పంపుతున్నాను. ఎందుకంటే ఏం చెప్పను, చేతులు ఊరుకోలేదు.

మత్తు ఇచ్చేవాళ్ళకి మెడ సంగతి మళ్ళీ ఒకసారి గుర్తుచెయ్యి.

నీ వదిన


జూన్ 22

వదినా,

ఇది నా కుడిచేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నాయి, సర్దుకో.

ఆపరేషన్ నుంచి లేచేసరికి అన్నయ్య పక్కన కూర్చుని నా ఎడమచెయ్యి పట్టుకుని ఉన్నాడు. "ఇది కాదు, ఆ చెయ్యి" అన్నాను మత్తులోనే. ఆయన ఇంటికొచ్చి నీకు ఏమీ చెప్పి ఉండడని నాకు తెలుసు. మూడు రోజులు ఎదురు కుర్చీలోంచి లేవలేదు వదినా. నర్సులు ఆయన చుట్టూ తిరిగి నడిచేవాళ్ళు.

కుట్లు మానాక సూదిమందు మళ్ళీ మొదలైంది, కీళ్ళ సభ రద్దయింది. చేతికి గట్టి పట్టీ ఇంకా ఉంది, లోపల ఎముక పూర్తిగా అతుక్కోవాలి. వేళ్ళు మాత్రం మొదటిరోజు నుంచే కదిలించమన్నారు. వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. దాన్ని పిసకాలంటే నాకు విసుగు, అందుకని సంచిలోంచి నీ లావు మహారాజుని తీశాను. పట్టీ మీంచి దిగాడు వదినా. కొలిచి కుట్టినట్టు దిగాడు. నల్ల గుడ్డ అతుకులతో, బానపొట్టతో, కొత్త కిరీటంతో నిలబడి ఆ అమ్మాయిని "ఎవరే నన్ను పిసకమన్నది?" అని గద్దించాడు. చిటికెనవేలు అప్పుడే మొదటిసారి పైకి లేచింది. కొంచెమే. ఆ అమ్మాయి చూసి చప్పట్లు కొట్టింది.

డాక్టరు ఒప్పుకున్నాడు, నిన్న లైబ్రరీలో ఆట కట్టాం. రెండు నెలలుగా మా బొమ్మ కనబడలేదు కదా, పిల్లలు చాపలు దాటి తెర దాకా వచ్చి కూర్చున్నారు. లావు మహారాజు లేవగానే ఒకటే గోల. "ప్రభూ, తమరు ఇన్నాళ్ళూ ఎక్కడ?" అన్నాడు మంత్రి. "తింటున్నాను" అన్నాడు మహారాజు. ఇంక ఆట నడిపింది మేము కాదు, వాళ్ళ నవ్వులే.

చివరికి వచ్చింది. మంత్రి వంగాడు. మహారాజు నిలబడ్డాడు. పిల్లలు కదలలేదు. వెనకటి ఆటలో ఆ పిల్ల అన్న కోపం మాట నా చెవిలో మోగుతోంది. తెర కింద మోకాళ్ళ మీద నేను, పక్కన మంత్రిగారు. "ఏం చేద్దాం?" అన్నాను చెవిలో. "నిలబడండి" అన్నారు ఆయన.

నిలబెట్టాను. ఎంతసేపో నిలబెట్టాను. అప్పుడు ముందు నుంచి ఎవరో అన్నారు, "పాపం, వంగడం మరిచిపోయాడు." ఇంకో గొంతు, "పొట్ట అడ్డమొస్తోందేమో." తరువాత చాపల చప్పుడు. తెర సందులోంచి చూస్తే ఒక పిల్ల లేచి నిలబడింది. "ఇలా మహారాజా, ఇదిగో ఇలా" అని నడుం వంచి చూపించింది. మహారాజు కాదు కాదు అని తిరిగాడు, అది మాత్రం వాడికి వచ్చుకదా. అంతే, పక్కవాళ్ళు లేచారు, వెనకవాళ్ళు లేచారు. "ఇలా, ఇలా" అంటూ ఇంకా కిందికి వంగుతున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. అమ్మలు వంగారు. లైబ్రరీ ఆవిడ పుస్తకాల బల్ల వెనకాల వంగింది. చివరి వరసలో గడకర్రలాంటి మనిషి ఒకాయన మడతపడి వంగి ఉన్నాడు. డాక్టరు వచ్చాడని నాకు అప్పటిదాకా తెలియదు.

హాలంతా వంగి ఉంది వదినా. మన లావు మహారాజు ఒక్కడే నిటారుగా నిలబడి, వాళ్ళు తల ఎత్తగానే వాళ్ళ కళ్ళల్లోకి చూస్తున్నాడు. నేను కింద ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ముక్కు తుడుచుకోవడానికి ఎడమచెయ్యి చాలడం లేదు. మంత్రిగారు కండువా ఇచ్చారు.

వచ్చే ఆటకి కూడా వస్తామని, అప్పటికైనా నేర్పేస్తామని వాడికి చెప్పి వెళ్ళారు. పట్టీ తీశాక కొత్త కొలత పంపుతాను, గుడ్డ తీసిపెట్టుకో. కుచ్చిళ్ళు ముందుకి పెట్టు, ఇప్పుడు వాణ్ణి ముందునుంచే చూస్తారు.

ఇదివరకు పిల్లలకి ఆట ఇంకా కావాలనిపిస్తుండగానే నేను చెయ్యి దించేసేదాన్ని. నిన్న ఆఖరి పిల్ల గుమ్మం దాటేదాకా దించలేదు వదినా. దించాలనిపించేంత నొప్పి రాలేదు.

నీ మరదలు